పిడికెడు తీశాక

నలుగురికని కొలిచిన బియ్యం ఇద్దరికి కూడా చాలలేదు. వాసంతి రైస్ కుక్కర్ మూత తీసి, అడుగున పలచగా పరుచుకున్న అన్నాన్ని చూసి, వెనక్కి తిరిగి అత్తగారి వైపు చూసింది. జ్ఞానసుందరమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

“అత్తయ్యా, బియ్యం మీరే కదా కడిగింది?”

“నేనేనమ్మా. దేవుడిది తీశాను, కడిగాను, పెట్టాను.”

వాసంతి కప్‌బోర్డు తెరిచి స్టీలు డబ్బా తీసింది. నిన్న అడుగునెక్కడో ఉన్న బియ్యం ఇవాళ మూత పట్టనంతగా నిండి ఉన్నాయి. డబ్బా మళ్లీ లోపల పెట్టేసి, మళ్లీ కుక్కర్ పెట్టింది.

షిఫ్టు నుంచి వచ్చిన ప్రేమ్‌సాగర్ సంగతి విని, “ఇవాళ దేవుడికి బాగా ఆకలేసినట్టుంది,” అన్నాడు. అతని కూతురు జెమీమా ఫోనులోంచి తలెత్తకుండానే, “డాడ్, దట్స్ మీన్,” అంటూ నవ్వింది.

“నవ్వండి, నవ్వండి. ఆయనది ఆయనకి తియ్యకుండా నీకెప్పుడైనా ముద్ద పెట్టానంట్రా?” అంది తల్లి.

వండబోయే బియ్యం కొలిచాక, కడగకముందు, అందులోంచి ఒక పిడికెడు దేవుడి పేరున పక్కకి తీయడం జ్ఞానసుందరమ్మకి ఊహ తెలిసిననాటి అలవాటు. తుని దగ్గర వాళ్ల పేటలో ఆడవాళ్లందరూ అలాగే తీసేవాళ్లు. కూలి గింజల్లోనే ఇచ్చే రోజులవి. చేతిలో పైసా ఆడని వాళ్లు దేవుడికి ఇవ్వగలిగింది ఆ పిడికెడే. వారమంతా కుండలో పోగైన బియ్యాన్ని ఆదివారం గుడికి తీసుకెళ్లి, ఆరాధనలో బల్ల ముందున్న గంపలో పోసేవాళ్లు. చర్చిని పేటలో గుడి అనే అనేవాళ్లు. తాటాకు గుడికి పెంకులు వేయించింది ఆ గంపే అని ఆవిడ చెప్పేది. ఆ పెంకులు వేసేనాటికి ఆవిడ పుట్టలేదు. అయినా “మేం వేయించాం” అనే అనేది.

భర్త పోయాక కొడుకు దగ్గరికి కెనడాలోని ఒషావా వచ్చినప్పుడు ఆవిడ పెట్టెలో చీరల మధ్య ఈ స్టీలు డబ్బా ఉంది. అప్పటికి అక్కడ తెలుగు క్రైస్తవుల సహవాసం కొత్తగా మొదలైంది. ఇంగ్లీషు వాళ్ల పాత చర్చి కింది హాలు ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకి తీసుకుని కూడుకునేవాళ్లు. ఆవిడ తెచ్చిన బియ్యం మీద పాస్టరుగారు ప్రార్థన చేసి, అవసరం ఉన్నవాళ్లకి ఇచ్చి పంపేవారు. తర్వాత ఒక చలికాలం హాల్లో ఎలుకలు కనిపించాయి. తినే సరుకేదీ తేకూడదని బిల్డింగు వాళ్లు కాగితం అంటించారు. అదే ఏడాది ట్రెజరర్ భీమారావుగారు కానుకలన్నీ ఇ-ట్రాన్స్‌ఫర్‌లోకి మార్చారు. లెక్క తేలికైంది. సంవత్సరం చివర టాక్సు రిసీట్లు ఈమెయిల్లో వచ్చేస్తున్నాయి.

బియ్యం ఇక తీసుకోవడం లేదని జ్ఞానసుందరమ్మకి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. “గంప ఇప్పుడు వెనక వంటగదిలో పెట్టారమ్మా, అక్కడ పోసేస్తున్నాం,” అని ప్రేమ్‌సాగర్ చెప్పాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆ సంచి కారు డిక్కీలో చర్చిదాకా వెళ్లి, అదే డిక్కీలో ఇంటికొచ్చేది. సోమవారం వాసంతి దాన్ని స్కార్‌బరో నుంచి తెచ్చుకున్న సోనా మసూరి బస్తాలో కలిపేసేది. మొదట్లో చెయ్యి ఆడేది కాదు.

“నెలనెలా మన అకౌంట్‌లోంచి వెళ్తోంది కదా. ఈ బియ్యం ఖరీదు కూడా కలిపే వేస్తున్నాను. దేవుడికి నష్టమేం లేదు,” అన్నాడు ప్రేమ్‌సాగర్.

నిజమే అనిపించింది వాసంతికి. అలా ఏళ్లు గడిచాయి.

అన్నం తక్కువైన ఆ రోజుకి మర్నాడు సాయంత్రం ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. అత్తగారు బియ్యం కొలిచింది. పిడికెడు తీసి, కళ్లు మూసుకుని, “స్తోత్రం తండ్రీ” అని, డబ్బాలో పోసి మూత పెట్టింది. గిన్నె పట్టుకుని పంపు వైపు తిరిగింది. తిరిగి అక్కడే ఆగిపోయింది. గిన్నెలోకి చూసింది. ఏదో మర్చిపోయినట్టు గబగబా వెనక్కి వచ్చి, డబ్బా మూత తీసి, గిన్నెలోంచి ఇంకో పిడికెడు తీసి, కళ్లు మూసుకుంది. “స్తోత్రం తండ్రీ.” మళ్లీ పంపు వైపు రెండడుగులు. మళ్లీ వెనక్కి.

ప్రతిసారీ అది మొదటిసారే ఆవిడకి. వాసంతి వెళ్లి చెయ్యి పట్టుకుని, “తీశారత్తయ్యా, ఇందాకే తీశారు,” అంది.

“తీశానా?” అంది ఆవిడ నమ్మలేనట్టు. “తియ్యకుండా వండితే ఎలా అని.”

ఆ చలికాలంలోనే ఒక పగటిపూట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆవిడ బియ్యం సంచి భుజాన వేసుకుని, కాళ్లకి ఇంట్లో తొడుక్కునే చెప్పులతో, మంచులో గుడికి బయల్దేరింది. అది ఆదివారం కూడా కాదు. రెండు వీధుల అవతల బస్‌స్టాపు దగ్గర వణుకుతూ నిలబడి ఉంటే పక్కింటాయన చూసి కార్లో తీసుకొచ్చాడు. కొడుకూ కోడలూ ఉద్యోగాలు మానుకునే పరిస్థితి లేదు. డాక్టరు కూడా ఇక ఒంటరిగా వదలొద్దన్నాడు. వసంతం వచ్చేసరికి ఊళ్లోనే ఒక కేర్ హోమ్‌లో గది దొరికింది. స్టీలు డబ్బా కప్‌బోర్డులోనే ఉండిపోయింది. అక్కడ వంట లేదు కదా, దానితో పనేముంటుంది అనుకుంది వాసంతి.

కేర్ హోమ్‌లో జ్ఞానసుందరమ్మ అనుకున్నదానికంటే బాగానే కుదురుకుంది. వాళ్ల పేటలో గుడి పెట్టింది కెనడా నుంచి వచ్చిన మిషనరీ దొరసానులే కాబట్టి, భోజనాల బల్ల దగ్గర తన పక్కన కూర్చునే తెల్లజుట్టు మార్గరెట్‌ని వాళ్లలో ఒకరనుకుంది. “వందనాలు దొరసానమ్మగారూ, ఎప్పుడొచ్చారు తుని నుంచి?” అని రోజూ పలకరించేది. మార్గరెట్ కూడా చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో ఏదో చెప్పేది. ఇద్దరికీ బాగానే జరిగిపోయేది.

అలాంటిది ఒకరోజు అక్కడినుంచి ఫోనొచ్చింది. ఆవిడ బరువు తగ్గిపోతోంది. తిండి తినకుండా దాచేస్తోంది. ఒకసారి వచ్చి మాట్లాడమన్నారు.

ప్రేమ్‌సాగర్, వాసంతి కలిసి వెళ్లారు. మేనేజరు మెల్లగా, మర్యాదగానే చెప్పింది. స్వెట్టర్ జేబుల్లో, దిండు కింద, సొరుగులో నేప్‌కిన్లలో చుట్టిన ఓట్‌మీల్, ఆలుగడ్డ ముద్ద, గుడ్డు దొరుకుతున్నాయట. ఈ జబ్బులో కొందరు ఇలా తిండి దాచుకుంటారట. ఇకనుంచి పక్కన ఒక మనిషి కూర్చుని, స్పూనుతో తినిపిస్తారు. పళ్లెం ఆవిడ చేతికి అందకుండా పెడతారు. బాగా మెత్తగా చేసిన తిండే ఇస్తారు.

“అమ్మ దాచుకునే మనిషి కాదండీ,” అన్నాడు ప్రేమ్‌సాగర్ ఇంగ్లీషులో.

ఆ గదిలో మధ్యాహ్నం షిఫ్టు చూసే ఫిలిప్పీన్స్ ఆవిడ, డోలోరెస్, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. “తినడం మొదలుపెట్టకముందే తీస్తుంది. చేత్తో. ప్రతిసారీ ఒకేలా. కళ్లు మూసుకుని ఏదో అంటుంది,” అంది. “స్తో... స్తోత్రా? అలాంటిదేదో.”

వాసంతి కుర్చీలో ముందుకి వంగింది. పక్కన ప్రేమ్‌సాగర్ తలదించుకున్నాడు. వండటం పోయినా తియ్యడం పోలేదు. బియ్యం కనపడక, పళ్లెంలో ఏదుంటే అందులోంచి తీస్తోంది. తీసిన సంగతి మర్చిపోయి మళ్లీ తీస్తోంది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తీస్తూనే ఉంటుంది. ఖాళీ అయ్యాక భోజనం అయిపోయిందనుకుని లేచిపోతుంది.

ఇంగ్లీషులో దాన్ని చెప్పడం వాసంతికి కష్టమైంది. మేనేజరు శ్రద్ధగా విని, “భోజనం ముందు గ్రేస్ చెప్పుకోవడంలాంటిదా?” అని అడిగింది. కొంచెం అలాంటిదే అంది వాసంతి. ఆవిడ అర్థం చేసుకున్నట్టు తలూపింది. కానీ బరువు తగ్గడం ఆగాలి, స్పూను పద్ధతి రేపటినుంచి మొదలుపెట్టక తప్పదంది.

మర్నాడు వాసంతి సెలవు పెట్టి భోజనం వేళకి వెళ్లింది. అత్తగారి మెడకి గుడ్డ కట్టారు. పళ్లెం తినిపించడానికి పెట్టిన కొత్తమ్మాయి ఒళ్లో ఉంది. స్పూను నోటి దగ్గరికి వచ్చింది. జ్ఞానసుందరమ్మ మొహం పక్కకి తిప్పేసుకుంది. మళ్లీ వచ్చింది. ఆవిడ చెయ్యి చాచి పళ్లెం కోసం వెతికింది. ఆ అమ్మాయి ఎంతో నెమ్మదిగా ఆ చేతిని తీసి ఒళ్లో పెట్టింది. ఆవిడ పెదాలు గట్టిగా బిగించేసింది.

“తినండి అత్తయ్యా. ఒక్క ముద్ద.”

“ముందు తియ్యనివ్వట్లేదే ఈ పిల్ల,” అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, భయం ఉంది. “తియ్యకుండా ఎలా తినను? నువ్వైనా చెప్పవే.”

ఆ పూట ఆవిడ ఏమీ తినలేదు. సాయంత్రం కూడా తినలేదని డోలోరెస్ ఫోను చేసి చెప్పింది.

వాసంతి స్టీలు డబ్బా తీసింది. ఒక గిన్నెలో బియ్యం పోసుకుని, రెండూ పట్టుకుని కేర్ హోమ్‌కి వెళ్లి, పళ్లెం ఆవిడ చేతికే ఇచ్చి చూద్దామని మేనేజరుని ఒప్పించింది. పచ్చి బియ్యం ఎదురుగా పెడితే పళ్లెం జోలికి వెళ్లదేమో అనుకుంది. సగం పనిచేసింది. బియ్యం చూడగానే ఆవిడ మొహం తేటపడింది. పిడికెడు తీసి, కళ్లు మూసుకుని, డబ్బాలో పోసింది. రెండు ముద్దలు తింది. మూడోదానికి చెయ్యి ఆగింది. గిన్నె వంక చూసి, పళ్లెం పక్కకి నెట్టి, మళ్లీ బియ్యంలోకి చెయ్యి పెట్టింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి భోజనం చల్లారిపోయింది.

గిన్నె దాచేస్తే అసలు తియ్యలేదనుకుంటుంది. ఎదురుగా ఉంచితే ఆపలేదు. వాసంతికి ఏం చెయ్యాలో తోచలేదు. గదిలో మంచం మీద అత్తగారి పక్కన కూర్చుని, ఊరికే మాట కలపడానికి అడిగింది.

“మీ ఇంట్లో నలుగురు తోడికోడళ్లు కదా అత్తయ్యా. ఒకరు కొలుస్తారు, ఇంకొకరు కడుగుతారు. తీశారో లేదో ఎలా తెలిసేది?”

జ్ఞానసుందరమ్మ కోడలి వంక వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. “సోల బోర్లిస్తాం కదే!”

“సోలా?”

“బియ్యం కొలిచే ఇత్తడి సోల. పిడికెడు తీసి కుండలో పోసి, మూత పెట్టి, సోల తీసుకెళ్లి మూత మీద బోర్లించేవాళ్లం. బోర్లించి ఉందంటే దేవుడిది తీసేసినట్టే. ఇంకెవరూ ముట్టుకోరు. మా పెద్ద తోడికోడలు ఒకసారి బోర్లించడం మర్చిపోయింది. నలుగురం నాలుగుసార్లు తీశాం. ఆ రోజు మా మావగారు గంజి తాగి పడుకున్నాడు.” ఆవిడ పళ్లు లేని నోటితో నవ్వింది. “ఏం జ్ఞానం, ఇవాళ దేవుడే భోంచేశాడా అన్నాడు.”

వాసంతి కూడా నవ్వింది. కెనడా ఇంట్లో సోల లేదు. రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు బస్తాలోనే పడి ఉంటుంది, కొలవడమూ అక్కడే, వదిలెయ్యడమూ అక్కడే. తీసినదానికి గుర్తుగా ఏదో ఒకటి ఉండాలని ఆమెకెప్పుడూ తట్టలేదు. ఆవిడ మతి బాగున్నన్నాళ్లూ ఆ గుర్తు అవసరమూ రాలేదు.

ఇత్తడి సోల కోసం స్కార్‌బరోలో రెండు మూడు షాపులు తిరిగి చివరికి దేవుడి సామాన్లు అమ్మే కొట్లో ఒకటి సంపాదించింది. “పూజకా మేడమ్?” అని అడిగాడు కొట్టబ్బాయి. “అలాంటిదే,” అంది.

డోలోరెస్ పద్ధతి ఒక్కసారికే నేర్చుకుంది. పళ్లెం కంటే ముందు గిన్నె, డబ్బా, సోల తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఆవిడ తీస్తుంది, పోస్తుంది, మూత పెడుతుంది, సోల బోర్లిస్తుంది. అప్పుడు గిన్నె తీసేసి పళ్లెం పెడతారు. తింటూ తింటూ మధ్యలో ఆవిడ చెయ్యి ఆగుతుంది. డబ్బా వంక చూస్తుంది. బోర్లించిన సోల కనిపిస్తుంది. చెయ్యి మళ్లీ పళ్లెంలోకి వస్తుంది. మార్గరెట్‌కి కూడా అది బల్ల మర్యాద అయిపోయింది. సోల బోర్లిస్తే గాని తనూ ఫోర్కు ఎత్తదని డోలోరెస్ చెప్పింది. మెడకి గుడ్డ కట్టడం మానేశారు. బరువు తగ్గడం ఆగింది.

శనివారం శనివారం వాసంతి డబ్బా ఇంటికి తెచ్చి ఖాళీ చేసి, కడిగి, గిన్నెలో బియ్యం నింపి తీసుకెళ్లేది. ఒక శనివారం డబ్బాలో బియ్యం బస్తాలో పోసి, అదే బస్తాలోంచి గిన్నె నింపుతుంటే జెమీమా చూసింది.

“మామ్, ఇట్స్ ద సేమ్ రైస్. నానమ్మ తీస్తుంది, నువ్వు మళ్లీ తెచ్చి పోస్తున్నావ్. సో షీ ఈజ్ నాట్ రియల్లీ గివింగ్ ఎనీథింగ్?”

ఆ పిల్ల వెటకారానికి అనలేదు. తెలుసుకోవాలనే అడిగింది. గిన్నె నింపుతున్న వాసంతి చెయ్యి ఆగింది.

ఆ వారం కేర్ హోమ్‌లో జ్ఞానసుందరమ్మ మనసు తేటగా ఉన్న ఒక పూట, ఉన్నట్టుండి అడిగింది. “ఆదివారం గంపలో పోస్తున్నావా అమ్మాయ్?”

ఇదివరకైతే పోస్తున్నానని చెప్పేసేది. చెప్పి చెప్పి అలవాటైపోయిన మాట. ఆ రోజు రాలేదు. “ఇకమీదట పోస్తాను అత్తయ్యా,” అంది.

ఆదివారం కూడిక అయ్యాక భీమారావుగారు హాల్లో కుర్చీలు మడుస్తున్నారు. కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఏ పనైనా పద్ధతిగా చెయ్యకపోతే నిద్రపట్టదు.

“బియ్యమా?” అన్నారు ఆయన కుర్చీ సగం మడిచి. “అమ్మా వాసంతీ, ఎలుకల గొడవ మర్చిపోయావా? మనల్ని ఖాళీ చెయ్యమంటారు.”

“ఇక్కడ ఉంచొద్దు అంకుల్. ప్రార్థన చేసి ఆ పూటే ఎవరికైనా ఇచ్చేద్దాం. ఇదివరకటిలాగే.”

“రిసీట్ ఏమని రాయను? ఇన్ని పిడికెళ్లు అని రాస్తే టాక్సు వాళ్లు నన్ను లోపలేస్తారు.”

“రిసీట్ వద్దండి.”

“పోనీ, దానికి సరిపడా ఇంకొంచెం ట్రాన్స్‌ఫర్ చేసెయ్యకూడదూ? దేవుడికి చేరేది ఒకటే కదమ్మా.”

“అది చేస్తూనే ఉన్నామండి. అది మా కానుక. ఆవిడకి అకౌంట్ లేదు, కార్డు లేదు. ఆవిడ చేత్తో ఇచ్చేది ఇదొక్కటే. మేం దాన్ని ఇంటికి తీసుకెళ్లి వండుకుంటున్నాం.”

భీమారావుగారు కుర్చీని గోడకి ఆనించారు. “తెలుసులే,” అన్నారు. “మీ డిక్కీలో సంచి చూశాను చాలాసార్లు. నేనూ అడగలేదు. అడిగితే తీసుకోవాల్సొస్తుందని.”

తర్వాత చిన్నగా నవ్వారు. “మా అమ్మ కోడిగుడ్లు ఇచ్చేది. పెట్ట పెట్టిన మొదటి గుడ్డు గుడికే. ఒకసారి నేను ఉడకేసుకు తినేశాను. చీపురు విరిగింది నా వీపు మీద.” ఆయన చేతులు దులుపుకున్నారు. “బేసిన్ నేను తెస్తాను. ఇంట్లో పెద్దది ఉంది. కానీ ఒక్క గింజ నేల మీద పడ్డా ఊడ్చేది నువ్వే.”

“అలాగే అంకుల్.”

పై ఆదివారం కానుకల పాట అయ్యాక వాసంతి సంచి పట్టుకుని ముందుకి నడిచింది. ఫోన్లు తీసి ట్రాన్స్‌ఫర్ చేసేవాళ్లు చేస్తున్నారు. స్టీలు బేసిన్‌లో బియ్యం పడ్డ చప్పుడుకి కొందరు తలెత్తారు. వెనక వరుసలో ఒక ముసలావిడ కళ్లు తుడుచుకుంది. చిన్నపిల్లలు ఏమిటా అని మెడలు చాచారు. పాస్టరుగారు జ్ఞానసుందరమ్మ పేరు చెప్పి ప్రార్థన చేశారు. ప్రేమ్‌సాగర్ తల వంచుకునే ఉన్నాడు, ఆమెన్ అన్న తర్వాత కూడా.

ఆ బియ్యం కాలేజీలో చదువుకునే ధాత్రికి ఇచ్చారు. ఇంకో ముగ్గురమ్మాయిలతో ఒక బేస్‌మెంట్‌లో ఉంటోంది, వరంగల్ పిల్ల. సంచి గుండెలకి హత్తుకుని, “ఆంటీ, ఒక డౌట్,” అంది. “ఇది ఆల్రెడీ దేవుడిది కదా. మేం వండేటప్పుడు ఇందులకెల్లి మళ్లా తియ్యాల్నా?”

వాసంతికి తెలియలేదు. అత్తయ్యని అడిగి చెప్తానంది. అడిగితే జ్ఞానసుందరమ్మ ఏ మాత్రం ఆలోచించకుండా, “ఎవరు వండితే వాళ్లు తియ్యాలి,” అంది.

వేసవి అలా గడిచింది. ఆదివారాలు బేసిన్‌లో బియ్యం పడుతూనే ఉన్నాయి. ఆకులు రంగు మారే రోజుల్లో జ్ఞానసుందరమ్మకి జ్వరం వచ్చి, ఛాతీలోకి దిగింది. ఆ వారమంతా ఆవిడ మంచం దిగలేదు. నీళ్లు, మందులు తప్ప ఏమీ పుచ్చుకోలేదు. శనివారం వాసంతి వెళ్లి డబ్బా మూత తీస్తే లోపల ఏమీ లేదు.

ఆదివారం ఇంట్లో బయల్దేరేటప్పుడు ప్రేమ్‌సాగర్ తనే వంటింట్లోకి వెళ్లి బస్తా మూతి విప్పాడు. “కాసిని మనవి పోసుకెళ్దాం. పాస్టరుగారు అమ్మ పేరు చెప్తారు కదా.”

“వద్దండి.”

“ఏమవుతుంది?”

“ఏమీ కాదు. ఇన్నేళ్లూ మనం ఆడిందీ ఇలాంటి అబద్ధమే.”

అతను బస్తా మూతి మళ్లీ కట్టేశాడు.

కానుకల వేళకి భీమారావుగారు అలవాటుగా బేసిన్ తెచ్చి, వాసంతి వైపు చూశారు. ఆమె లేచి దగ్గరికి వెళ్లి, “ఈ వారం లేదండి. ఆవిడ భోజనం చెయ్యలేదు,” అంది. ఆయన బేసిన్ తీసుకెళ్లి ఖాళీదే బల్ల మీద పెట్టారు. పాస్టరుగారు దాని మీద చెయ్యి ఉంచి ఆవిడ కోసం ప్రార్థించారు.

అక్కడినుంచి భార్యాభర్తలిద్దరూ నేరుగా కేర్ హోమ్‌కి వెళ్లారు. జ్వరం తగ్గిందని, పొద్దుటినుంచి కళ్లు తెరిచే ఉందని డోలోరెస్ చెప్పింది. మంచం తల వైపు ఎత్తి, దిళ్లు పెట్టి కూర్చోబెట్టింది. మంచం మీదికి బల్ల జరిపి, గిన్నె, డబ్బా, సోల తెచ్చి పెట్టింది. వేడి సూప్ పక్కన ఉంచింది.

జ్ఞానసుందరమ్మ బియ్యంలో చెయ్యి పెట్టింది. వేళ్లు ముడుచుకోలేదు. చెయ్యి ఎత్తేసరికి గింజలన్నీ సందుల్లోంచి జారి బల్ల మీద, దుప్పటి మీద పడ్డాయి. మళ్లీ పెట్టింది. మళ్లీ జారిపోయాయి. వాసంతి చెయ్యి కింద పట్టబోయింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. కొడుకు వంక చూసింది. ఆ పూట పేరు గుర్తుందో లేదో గాని, ఎవరో తన మనిషి అని మాత్రం తెలిసినట్టుంది.

“నువ్వు తియ్యి,” అంది.

“నేనా?” ప్రేమ్‌సాగర్ భార్య వైపు చూశాడు. “నేనెప్పుడూ తియ్యలేదమ్మా. ఇది మీరు... వాసంతి...”

“చెయ్యి లేదా నీకు? తియ్యి.”

అతను గడియారం తీసి జేబులో వేసుకున్నాడు. ఎందుకు తీశాడో తెలియదు. బియ్యంలో చెయ్యి పెట్టాడు. ప్లాంటులో ఇనుము పట్టుకుని మొద్దుబారిన పెద్ద చెయ్యి. పిడికిలి నిండా బియ్యం వచ్చాయి. ఎక్కువయ్యాయేమోనని కొన్ని వదలబోయాడు.

“వచ్చినవి వదలకూడదు,” అంది తల్లి. “చెప్పు.”

అతను కళ్లు మూసుకున్నాడు. “స్తోత్రం తండ్రీ.”

డబ్బాలో పోశాడు. మూత పెట్టాడు. తర్వాత ఏం చెయ్యాలో తెలియక చేతులు వెనక్కి తీసుకుంటే, ఆవిడ కళ్లతోనే సోల చూపించింది. దాన్ని తీసి మూత మీద బోర్లించాడు.

జ్ఞానసుందరమ్మ వెనక్కి దిండు మీదికి వాలింది. వాసంతి సూప్ గిన్నె ఒళ్లో పెట్టుకుని, స్పూనుతో తీసి, ఊది, నోటి దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ ఒకసారి డబ్బా వైపు చూసి, నోరు తెరిచింది.